కొత్త ఫిల్మ్ ఆరేదాకా: పాలమూరు చీరల దుకాణం కేస్ స్టడీ

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి బజారులో రెండంతస్తుల చీరల దుకాణం ఇది. కింద రోడ్డు వైపు, పడమటి ముఖంగా, నేల నుంచి పైదాకా 12 ఎంఎం టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాలు మూడున్నాయి. వాటి వెనకాల బొమ్మలకు గద్వాల చీరలు, నారాయణపేట చీరలు కట్టి నిలబెడతారు. పైన స్టాకు గది. అక్కడ ఉత్తరం వైపు అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, పడమర వైపు సజ్జా కింద ఒక చిన్న కిటికీ. పైనున్నవన్నీ 4 ఎంఎం మామూలు అద్దాలే.

అద్దాలకు ఎండను తగ్గించే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించడం నా పని. సేటు నన్ను పిలిచింది చీరలు వెలిసిపోతున్నాయని. బొమ్మ మీంచి తీసిన ఒక గద్వాల చీరను కౌంటర్ మీద పరిచి చూపించాడు. కుచ్చిళ్ల లోపలి మడతల్లో రంగు కొత్త చీరలాగే ఉంది. రోడ్డు వైపున్న మడత అంచుల మీద మాత్రం కుంకుమ రంగు కాస్తా ఇటుక రంగుకు దిగింది. విప్పితే పొడవునా చారలు. నేసినవాళ్ల తప్పేమీ లేదు, చీర మంచిదే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆ అద్దంలోంచి సూటిగా పడే ఎండ చేసిన పని అది. అలాంటి చీరను ఏ ధరకూ అమ్మలేమని సేటు బాధ. చేనేత చీర ఒకటి అట్లా పాడైతే నాకూ బాధే.

చీర వెలవడానికి అతినీలలోహిత కిరణాలు ఒక్కటే కారణం కాదు. మన కంటికి కనిపించే వెలుతురు, వేడి, వాడిన రంగు తత్వం, అన్నీ కలిసి చేస్తాయి. మంచి సన్ కంట్రోల్ ఫిల్మ్ అతినీలలోహిత కిరణాలను 99 శాతం వరకు ఆపుతుంది. వెలుతురును, వేడిని దాని రకాన్ని బట్టి కొంత తగ్గిస్తుంది. కాబట్టి ఫిల్మ్ వేశాక వెలవడం నెమ్మదిస్తుందే గానీ పూర్తిగా ఆగదు. ఈ మాట సేటుకు పని ఒప్పుకోకముందే చెప్పాను. బొమ్మల మీది చీరలు రెండు మూడు వారాలకోసారి మార్చడం ఫిల్మ్ వేశాకా మానొద్దన్నాను.

కింది అద్దాలకు 4 మిల్ మందమున్న లేత రంగు సోలార్ సేఫ్టీ ఫిల్మ్ ఎంచుకున్నాం. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు. నాలుగు మిల్ అంటే 100 మైక్రాన్లన్నమాట. బజారు అద్దం కదా, ఎప్పుడైనా పగిలితే టఫెన్డ్ అద్దం గులకల్లా రాలిపోకుండా ఫిల్మ్ పట్టి ఉంచుతుంది. పై గదికి సెరామిక్ రేణువులతో వేడిని తగ్గించే 2 మిల్ రకం చాలనుకున్నాం.

పైన సేటుకు ఇంకో కోరిక ఉండింది. "మొత్తం నల్లగ ఏసెయ్ అన్నా, లోపల మాల్ ఉన్నట్టే కనవడొద్దు" అన్నాడు. పడమటి కిటికీకి అది వద్దన్నాను. అది టఫెన్ చేయని పాత అద్దం. పైసగం సజ్జా నీడలో, కిందిసగం ఎండలో ఉంటుంది. లోపల అద్దానికి ఆనించి అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ముదురు ఫిల్మ్ ఎండ వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది. నీడ పట్టున, ఫ్రేములోకి పోయిన అంచున అద్దం చల్లగా ఉండి, నడుమ బాగా కాగితే అంచు దగ్గర బిగువు పుట్టి అద్దం చిట్లుతుంది. అట్లా చిట్లిన గీత అంచు దగ్గర, అంచుకు లంబంగా మొదలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. అందుకే అక్కడా లేత రకమే వేసి, పెట్టెలను అద్దం నుంచి జానెడు వెనక్కి జరిపించాం. ఆ జానెడు సందు ఫిల్మ్ ఆరడానికీ పనికొచ్చింది.

పని జరిగిన రోజులు

ఆషాఢం సేల్ అయిపోయి శ్రావణం గిరాకీ మొదలయ్యే లోపల పని కావాలన్నారు. అంటే నడి వానకాలం, ముసురు. ఫిల్మ్ వేయకూడని కాలమేమీ కాదు, కానీ ఆరడం ఆలస్యమవుతుంది. సేటుకు ఇది ముందే చెప్పి ఒప్పించుకున్నాను.

ఫిల్మ్ ఎట్లా అతుకుతుందో తెలిస్తే ఆ తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. ఫిల్మ్ వెనకున్న జిగురును లైనర్ అనే ఊడదీసే పలచటి పొర కాపాడుతుంటుంది. లైనర్ ఊడదీయగానే జిగురు మీద, అద్దం మీద షాంపూ కలిపిన నీళ్లు స్ప్రే చేస్తాం. ఆ తడి మీద ఫిల్మ్ జారుతుంది, సరిగ్గా కూర్చోబెట్టుకోవచ్చు. తర్వాత స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పలకతో, నడిమి నుంచి అంచులకు నీళ్లు నెట్టేస్తాం. ఎంత బలంగా నెట్టినా పలచటి తడి పొర ఒకటి మిగులుతుంది. ఆ తడి ఫిల్మ్‌లోంచి, అంచుల్లోంచి ఆవిరై మెల్లగా బయటికి పోవాలి. అద్దం వైపు దానికి దారి లేదు. తడి పోయేకొద్దీ జిగురు అద్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఫిల్మ్ మందం పెరిగేకొద్దీ, లోహపు పూత ఉంటే ఇంకా, ఆవిరి పోవడం కష్టమవుతుంది. సన్న ఫిల్మ్‌కు మామూలుగా 30 రోజుల లెక్క చెబుతాం. మందపాటి సేఫ్టీ ఫిల్మ్‌కు రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఎండ తగిలే అద్దం త్వరగా ఆరుతుంది, చలికి, ముసురుకు నెమ్మదిస్తుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా పాలమూరులో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే. అద్దం మీద ఆరితే తెల్ల మరకలు పడతాయి. ఫిల్మ్ కింద అవే మరకలు పడితే తుడిచే దారే ఉండదు. అందుకని స్ప్రేకు ఫిల్టర్ నీళ్ల క్యాన్లే తెప్పిస్తాను. క్యాన్ ఖర్చుకు వెనకాడే పనివాళ్లను చూశాను, ఈ ఒక్కచోట పిసినారితనం పనికిరాదని నా గట్టి నమ్మకం.

అంచుల్లో ఫిల్మ్‌కు, రబ్బరు బీడింగ్‌కు మధ్య ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర సందు వదిలి కోశాం. ఇది చూసి కస్టమర్లు "కురచైంది" అనుకుంటారు. ఆ సందు కావాలనే వదులుతాం. నీళ్లు పోవాలి, ఫిల్మ్ అంచు రబ్బరు మీదికెక్కి లేవకూడదు. స్లైడింగ్ కిటికీలకు ఇది మరీ ముఖ్యం. అంచు ఎక్కువైతే జరిపినప్పుడల్లా బ్రష్ పట్టీ దాన్ని గోకుతుంది. మొదటి కొన్ని రోజులు ఆ కిటికీలను జరపొద్దని తెలుగులో రాసిన కాగితంతో పాటు చెప్పి వచ్చాం. నెల దాకా తుడవొద్దని, బుడగలు ముట్టొద్దని కూడా ఆ కాగితంలో ఉంది. సేటు దాన్ని భద్రంగా గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.

ఫోన్ వచ్చింది

నాలుగైదు రోజులకు సేటు ఫోను. "అన్నా, పైన అద్దమంత బుగ్గలు లేసినయ్. మసకమసకగ ఉంది. మాల్ ఏమన్న తేడా ఉందా?"

అదే రోజు వెళ్లాను. ఇట్లాంటి ఫోనుకు "ఆరితే పోతుంది లే" అని ఫోన్లోనే జవాబిస్తే కస్టమర్ నమ్మడు, నమ్మాల్సిన పనీ లేదు. నూటికి తొంభై సార్లు నీటి బుడగే అయినా, మిగతా పదిసార్లు వేరే ఏదో ఉండొచ్చు. కళ్లతో చూడాలి.

కింది అద్దాల్లో రూపాయి బిళ్లంత నీటి బుడగలు కొన్ని, స్క్వీజీ నడిచిన దారిలో సన్నటి గీతలు. పై గదిలో ఉత్తరపు కిటికీల నిండా పాలు కలిపినట్టు తెల్లటి మసక. అది జిగురులో చిక్కిన తడి. ముసురు కాలంలో, ఎండ తగలని దిక్కులో, వారం కూడా కాని ఫిల్మ్ అట్లాగే ఉంటుంది. దాంట్లో నాకు భయమేమీ కనబడలేదు.

బుడగలన్నీ ఒకటి కావు. నేను టార్చిని అద్దానికి పక్కవాటుగా పట్టి, బొటనవేలితో మెత్తగా ఒత్తి చూస్తాను. నీటి బుడగకు అంచు ఓ ఆకారంలో ఉండదు, ఒత్తితే కదులుతుంది, రోజురోజుకూ చిన్నదవుతుంది. దుమ్ము చిక్కితే నడుమ చుక్క ఉండి దాని చుట్టూ ఫిల్మ్ చిన్న గుడారంలా లేస్తుంది. అది ఎన్నాళ్లున్నా పోదు. గాలి బుడగ గుండ్రంగా, తేటగా ఉంటుంది. ఫిల్మ్ మడత పడితే తెల్లటి విరుపు గీత పడుతుంది, అది ఇక అంతే, ఆ ముక్క మార్చాల్సిందే. కింద మూడు అద్దాల్లో నాకు నీటి బుడగలు, ఒక్క దుమ్ము రేణువు తప్ప ఏమీ దొరకలేదు. పైన ఉత్తరపు కిటికీల్లో ఒకదాని దగ్గర మాత్రం చేయి ఆగిపోయింది.

ఆ అద్దంలో బుడగలున్న చోట సన్నటి నల్ల చుక్కలు. గోరు ఆనిస్తే గరుకు తగిలింది. గుండుసూది పోట్లు. కింది మూల అంగుళం మేర లేచి, దాని జిగురుకు దుమ్ము, నూలు పీచు అంటుకుని ఉన్నాయి. ఫిల్మ్ పై పూత మీద గుండ్రటి సన్న గీతలు, ఎండ వైపు తిరిగి చూస్తేనే కనబడేవి.

చీరల దుకాణంలో గుండుసూదులకు కొదవేముంది. కౌంటర్ మీది పిల్లవాడు మంచి చేద్దామనే పొడిచాడు. "సూదితోటి పొడిస్తె నీళ్లొచ్చినయ్ అన్నా, మళ్లొచ్చి చూస్తె చుక్కలు పడ్డయ్" అన్నాడు. నీళ్లు రావడం నిజమే. కానీ ఫిల్మ్ చర్మం కాదు, ఆ రంధ్రం మూసుకోదు. దాంట్లోంచి దుమ్ము, తేమ లోపలికి పోతాయి, చుట్టూ జిగురు ఎండిపోయి చుక్క నల్లబడుతుంది. ఇంకో బుడగ దగ్గరికి చీరలు ఇస్త్రీ చేసే పెట్టె తెచ్చి కాచాలని కూడా అనుకున్నాడట. ఆ పని జరగలేదు, అదృష్టం. ఒకేచోట అంత వేడి తగిలితే ఫిల్మ్ ముడుచుకుపోతుంది, అద్దం కూడా చిట్లొచ్చు.

మూల లేవడానికి, గీతలకు కారణం పొద్దున వచ్చి ఊడ్చి తుడిచే అక్క చెప్పింది. "మసకగ ఉంటె సేటు కోపం జేస్తడని ఇంట్ల లెక్కనే పేపర్‌తోటి రుద్దిన సారూ." పక్కన నీలం రంగు గ్లాసు క్లీనర్ సీసా. అద్దం అంటే న్యూస్‌పేపర్, నీలం సీసా, ఇది మనిళ్లన్నిట్లో ఉన్న అలవాటే. ఉత్త అద్దానికి బాగానే ఉంటుంది. కానీ ఫిల్మ్ పాలిస్టర్. దాని మీద గీత పడకుండా పూత ఉన్నా, కాగితపు గరుకుకు, దాంట్లోని దుమ్ముకు సన్న గీతలు పడతాయి. అమోనియా ఉన్న క్లీనర్ అంచుల్లోంచి దిగి ఇంకా పట్టు కుదరని జిగురును చెడగొడుతుంది. గట్టిగా రుద్దిన చేతికి ఆ మూల లేచింది.

నేను రాసిచ్చిన కాగితం గల్లాపెట్టెలో మడత చెదరకుండా ఉంది. అద్దం దగ్గరికి గుడ్డ పట్టుకుని వెళ్లేది ఆ అక్క. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే అనిపించింది. బిల్లు కట్టే మనిషికి చెప్పిన జాగ్రత్త, తుడిచే మనిషి చెవిన పడాలి. ఆమె అద్దాన్ని పాడుచేయాలని చేయలేదు, తన పని నమ్మకంగా చేసింది. ఆమెను తిట్టొద్దని సేటుతో అక్కడే, ఆమె ముందే అన్నాను.

ఏం చేశాం

కింది అద్దాలనూ, పైన బాగున్న కిటికీలనూ ఏమీ చేయలేదు. అనుభవం లేని పనివాడు ఇలాంటప్పుడు మళ్లీ స్క్వీజీ తీస్తాడు, కస్టమర్ చూస్తున్నాడు కదా అని. సగం పట్టిన జిగురును మళ్లీ నెడితే గీతలు పడి అవి అట్లాగే ఉండిపోతాయి. చేతులు కట్టుకుని నిలబడడమే అక్కడ సరైన వైద్యం.

పొడిచిన అద్దానికి రెండు దారులున్నాయని సేటుకు చెప్పాను. లేచిన మూలకు దుమ్ము అంటకపోయి ఉంటే షాంపూ నీళ్లతో తడిపి, గుడ్డ చుట్టిన గట్టి కార్డుతో నొక్కితే కూర్చునేది. దుమ్ము, పీచు అంటాయి కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది ఆ ఒక్క అద్దానికి ఫిల్మ్ మార్చడం. స్టాకు గది కదా, అట్లాగే ఉండనిమ్మని సేటు మొదట అన్నాడు. ఆ మూల లేస్తూ లేస్తూ నెలల్లో సగం అద్దానికి పాకుతుందని చూపించాక ఒప్పుకున్నాడు.

వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం ఆ ముక్క తీసేశాం. కొత్తగా వేసిన ఫిల్మ్ కాబట్టి మూల పట్టి మెల్లగా లాగితే చాలావరకు ఒకే పొరగా వచ్చింది. అద్దం మీద మిగిలిన జిగురును షాంపూ నీళ్లతో నానబెట్టి, తడి ఆరకుండా చూసుకుంటూ కొత్త బ్లేడుతో ఒకే దిక్కుకు గీకాం. మామూలు అద్దం కాబట్టి బ్లేడు పెట్టగలిగాం. కింది టఫెన్డ్ అద్దాల మీదైతే పెట్టను. టఫెన్ చేసేటప్పుడు పైన అంటుకునే సన్న రేణువులు బ్లేడుకు తగిలి లాగితే పొడుగాటి గీతలు పడతాయి.

కొత్త ముక్క వేశాక ఆ అక్కను పక్కన నిలబెట్టుకుని చూపించాను. లోపలి వైపు, అంటే ఫిల్మ్ ఉన్న వైపు, దసరా దాకా గుడ్డ తాకించొద్దు. బయటి వైపు ఉత్త అద్దమే, అక్కడ ఎప్పట్లాగే తుడుచుకో, పేపరైనా పరవాలేదు. ఈ మాటతో ఆమె ముఖం తేటపడింది. రోజూ చేసే పనిలో సగం అట్లాగే ఉంది, మిగతా సగానికి సెలవు. ఆమెకు గుర్తుండడానికి ఫ్రేము మీద, అద్దం మీద కాదు, చిన్న ఎర్ర దారం కట్టాం.

ఆరడం ఎట్లా సాగింది

మందం చూస్తే కింది 4 మిల్ ఫిల్మే ఆలస్యంగా ఆరాలి. ఇక్కడ అద్దం దిక్కు గెలిచింది. వానల నడుమ వచ్చిన ఎండకే పడమటి అద్దాల్లో బుడగలు మూడు వారాల్లో చప్పబడ్డాయి. గీతలు ఇంకొన్నాళ్లుండి పోయాయి. జిగురు లోలోపల పూర్తిగా గట్టిపడడానికి ఇంకా కాలం కావాలి, కానీ కంటికి తేటగా కనబడింది. పైన 2 మిల్ ఉన్నా ఉత్తరపు మసక నెల దాటినా నిలిచే ఉంది. పెట్టెలు వెనక్కి జరిపి, వాన లేని పూట గది తలుపులు తెరిచి ఉంచమన్నాను. రెండో నెలలో అంచుల నుంచి తేటబడుతూ నడిమికి వచ్చింది. ఇలా అంచు నుంచి లోపలికి తేటబడితే ఆరడం సరిగ్గా సాగుతున్నట్టే. అంచు దగ్గరే కొత్తగా తెల్లబడితే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానించాలి.

పని బాగుందా లేదా అని చూడడానికి మా వృత్తిలో పాటించే పద్ధతి ఒకటుంది. ఫిల్మ్ ఆరాక, గది లోపల, 6 అడుగుల దూరంలో అద్దానికి ఎదురుగా నిలబడి, ఎండ సూటిగా పడని మామూలు పగటి వెలుతురులో చూడాలి. అప్పుడు కంటికి అడ్డు తగిలేవే లోపాలు. ముక్కు ఆనించి, టార్చి పట్టి చూస్తే ఏ ఫిల్మ్‌లోనైనా ఒకటో రెండో రేణువులు దొరుకుతాయి. సేటును ఆ దూరంలో నిలబెట్టి అద్దాలన్నీ ఒక్కొక్కటే చూపించాను. కింద ఒక అద్దంలో ఉన్న ఆ దుమ్ము రేణువు ఆరు అడుగుల్లో ఆయన కంటికి ఆనలేదు.

బతుకమ్మ, దసరా గిరాకీ

పండుగ ముందు కొత్త ప్రమాదం వచ్చింది. దసరా ఆఫర్ స్టిక్కర్లు. ప్రింటింగ్ వాళ్లు ఎప్పుడూ లోపలి నుంచే అంటిస్తారు, వానకు తడవకూడదని. ఫిల్మ్ మీద అంటించిన వినైల్ స్టిక్కర్‌ను పండుగ తర్వాత పీకితే పై పూత దెబ్బతింటుంది, జిగురు పూర్తిగా పట్టని చోట ఫిల్మే లేచి రావచ్చు. దాని మరకలు పోగొట్టడానికి పెట్రోలో థిన్నరో రుద్దితే ఇంకా నష్టం. సేటు ముందే ఫోన్ చేసి అడిగాడు. స్టిక్కర్లన్నీ బయటి వైపు అంటించమన్నాను. సీరియల్ లైట్లకు సెల్లోటేపు, రబ్బరు కప్పుల కొక్కేలు అద్దానికి వద్దని, పైన ఫ్రేముకే కొక్కేలు బిగించమని చెప్పాను. బంతిపూల దండలు, పసుపు కుంకుమ బొట్లు కూడా ఫ్రేముకు, గడపకు.

తొలిసారి లోపలివైపు తుడిచింది పండుగకు రెండు రోజుల ముందు, ఆ అక్కే. సగం బకెట్ ఫిల్టర్ నీళ్లలో చెంచాడు బేబీ షాంపూ. ముందు మెత్తటి నూలు గుడ్డ తడిపి దుమ్ము దించడం, తర్వాత ఇంకో పొడిగుడ్డతో నొక్కకుండా తేమ తీయడం. చీరల దుకాణంలో గుడ్డ ముక్కలు బోలెడు దొరుకుతాయి. వాటిలో జరీ పోగున్న ముక్క ఒక్కటి పడినా ఫిల్మ్ మీద గీతే. అందుకని ఉతికిన రెండు పాత నూలు తువ్వాళ్లు వేరే డబ్బాలో పెట్టించాం. చేతి గాజులు కూడా తీసి పక్కన పెట్టింది, నేను చెప్పకుండానే.

ఎండాకాలం రాగానే పడమటి కిటికీ అంచులు ఇంకోసారి చూశాను. అద్దంలో చిట్లు లేదు, ఫిల్మ్ అంచులు కూర్చునే ఉన్నాయి, పెట్టెలు మాత్రం మళ్లీ అద్దం దాకా వచ్చేశాయి. సేటుతో మళ్లీ జరిపించి, ఈసారి నేల మీద పెయింటుతో గీత గీయించాం.